కారణం గడి

గోడ గడియారంలో బ్యాటరీ అయిపోయి నాలుగు నెలలైనా ఆ ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "టైమెంత?" అంటే లోపలినుంచి జవాబు వచ్చేది. "ఎన్నింటికి బయల్దేరాలి?" అంటే ఇంకా వివరంగా వచ్చేది. ఆ ఇల్లాలికి భర్త పెట్టిన ముద్దుపేరు నిమిషాలమ్మ. అందులో ముద్దెంతో, దెప్పెంతో మాత్రం ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడకి తేలలేదు.

ఆవిడ దగ్గర ఓ పొడుగాటి రూళ్ళ పుస్తకం ఉంది. పన్నెండేళ్ళ కిందట ఓ పెళ్ళికి వెళ్ళేసరికి అక్కడ కుర్చీలు మడతపెడుతున్నారు. పెళ్ళికూతురి తల్లి "పోన్లెండి, ఫొటోలు పంపిస్తాం" అంది. ఆ మాట గుచ్చుకుని మర్నాడే పుస్తకం కొని ఐదు గళ్ళు గీసింది. తేదీ, ఎటు దేంట్లో వెళ్ళాం, బయల్దేరిన టైము, చేరిన టైము, ఆలస్యమైతే కారణం. అప్పట్నుంచి గుమ్మం దాటిన ప్రతిసారీ రాసింది. జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళిన రోజు కూడా రాసింది, అక్షరాలు కాస్త వంకరగా.

రాయగా రాయగా ఆవిడకి ఓ విద్య అబ్బింది. ఏ దారికైనా ఒక టైము ఉండదు, మూడుంటాయి. మంచి రోజుది, మామూలు రోజుది, చెడ్డ రోజుది. మంచి రోజు గొప్పలు చెప్పుకోవడానికి పనికొస్తుంది. చుట్టాలింటికి వెళ్ళేందుకు మామూలు రోజు చూసుకుంటే చాలు. ఆస్పత్రికీ పరీక్షకీ మాత్రం చెడ్డ రోజు చూసుకుని బయల్దేరాలి. భర్త ఎప్పుడైనా ఫోను చూపించి "ఇదిగో, ముప్ఫై నాలుగు నిమిషాలంటోంది" అంటే, ఆవిడ "ఇప్పుడంటోంది. మనం దారి మధ్యలో ఉన్నప్పుడు ఏమంటుందో కూడా కనుక్కోండి" అనేది. ఆయన ఫోను జేబులో పెట్టుకునేవాడు.

ఆవిడ ఆడపడుచు తన భర్తతో సరిపడక, ఓ పెట్టె, ఓ దిండు పట్టుకుని పుట్టింటికి వచ్చి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ హాల్లో సోఫా పక్కనే పడక. ఎవరు మంచినీళ్ళకి లేచినా ఆవిడ మంచం చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. తలుపున్న గది ఒకటి తనకంటూ ఉండాలన్నది ఆవిడ కోరిక. అందుకోసం ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో టైపు నేర్చుకుంది. కోర్టులో టైపిస్టు పోస్టులు పడ్డాయి. నలభై దాటితే అర్జీ పెట్టుకోవడానికి లేదు. ఆవిడకి నలభై నిండడానికి ఇంకా రెండు నెలలుంది. అంటే ఇదే మొదటి పరీక్ష, ఇదే ఆఖరిది. ఇక ఆవిడ వేళ్ళకి పూనకం వచ్చినట్టయింది. కంచం అంచు మీద టైపు చేసేది, సోఫా చేతి మీద చేసేది, ఓసారి పరధ్యానంలో తండ్రి బట్టతల మీద కూడా ఓ వాక్యం కొట్టేసింది. "తప్పులు లేకుండా కొట్టావా?" అని అడిగాడాయన.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఆడపడుచు ఫోను తీసి బీరువాలో పెట్టేసింది. పరీక్ష హాల్లోకి ఫోన్లు రానివ్వరు.

"టైము సంగతి నువ్వు చూసుకో వదినా. నేను నా వేళ్ళు చూసుకుంటాను. నువ్వు లెమ్మంటే లేస్తాను, ఎక్కమంటే ఎక్కుతాను."

"ఎనిమిదీ అయిదు లోకల్ రైలు. ఏడూ యాభైకి ఇంట్లోంచి కదలాలి. రైల్లో గంటా పది. మరీ చెడ్డ రోజైతే గంటా ఇరవై. గేటు పదింటికి మూస్తారు" అంది వదిన.

పుస్తకం తెరవకుండానే చెప్పింది.

ఆ తర్వాత హాలు టికెట్టు చూసింది. పరీక్ష కేంద్రం తను చదువుకున్న కాలేజీ.

ఇరవై ఏడేళ్ళ కిందట అదే కాలేజీలో ఆవిడకి లెక్కల్లో మొదటి ర్యాంకు. ఫలితాల రోజు మెట్ల మీద నిలబడి "ఈ పేరు గుర్తుపెట్టుకోండి, పేపర్లో చూస్తారు" అని తోటివాళ్ళతో అంది. వాళ్ళు గుర్తుపెట్టుకున్నారో లేదో గానీ పేపరువాళ్ళు పెట్టుకోలేదు. ఇప్పుడక్కడ తనని గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ ఉండరని ఆవిడకి తెలుసు. అయినా ఆ మెట్లకి తెల్లవెంట్రుకలతో కనిపించడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

తను తలకి రంగేసుకునే సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదని ఆవిడ తొమ్మిదేళ్ళుగా నమ్ముతోంది. నెలకోసారి, అందరూ బయటికి వెళ్ళాక, స్నానాలగదిలో, గడియ పెట్టుకుని. పరీక్ష రోజు ఆరింటికే లేచి చిన్న గిన్నెలో రంగు కలుపుకుంది. కుళాయి తిప్పితే నీళ్ళు లేవు. మోటారు ఆడించి, ట్యాంకు నిండేసరికి ఏడున్నర.

అప్పుడే ఆ గిన్నె పారబోస్తే సరిపోయేది. తలకి కొంగు కప్పుకుని వెళ్తే సరిపోయేది. ఆవిడ గడియ పెట్టుకుని, బకెట్టు బోర్లించి, దానిమీద కూర్చుని, వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిచింది. అటువైపు దారిలో వంతెన మీదుగా కార్లో నలభై మూడుసార్లు వెళ్ళింది. ముప్ఫై ఒక్కసారి ముప్పావుగంట లోపు. ఎనిమిదిసార్లు గంటా పది లోపు. నాలుగుసార్లు ఇంకా ఎక్కువ, అందులో ఒకసారి గంటా యాభై అయిదు. నలభై మూడింట నాలుగు. ఎనిమిదిన్నరకి బయల్దేరితే గంటన్నర చేతిలో ఉంటుంది.

పరీక్షకి చెడ్డ రోజు చూసుకోవాలని పన్నెండేళ్ళపాటు అందరికీ చెప్పిన పాఠం ఆ బకెట్టు మీద కూర్చున్న మనిషి మర్చిపోయిందనుకోవడం తప్పు. అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే బ్రష్షు తీసింది.

"వదినా, రైలు టైము కాలేదూ?" అని తలుపవతల గొంతు.

"రైలొద్దు. అలిసిపోతావు. కారు పిలుస్తున్నాను, వంతెన మీదుగా పోదాం. నువ్వు వేళ్ళు చూసుకో."

తల కడిగి, ఆరబెట్టుకునేసరికి ఎనిమిదిన్నర. కానీ ఎడమ చెవి వెనక రంగు అంటుకుంది. సబ్బుతో తోమింది, పోలేదు. నిమ్మచెక్కతో తోమింది, చెవి ఎర్రబడి రంగు ఇంకా బాగా కనిపించింది. బయటికొచ్చేసరికి ఎనిమిదీ యాభై.

వీధి చివర ఉండి అద్దె కారు నడుపుకునే ఆయనకి ఆ ఇంట్లో పేరు హారనన్న. జన్మలో హారన్ కొట్టడు కాబట్టి ఆ పేరు. ముందున్న బండి జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆడపడుచు హాలు టికెట్టు మర్చిపోయి లోపలికి పరిగెత్తినప్పుడు ఆయన మెల్లిగా అన్నాడు.

"అమ్మా, ఈ టైములో వంతెన వద్దండి. ఎక్కితే దిగే దారుండదు. చుట్టుదారిలో పోదాం, దూరమైనా గంటలో దింపేస్తాను."

"నాకు తెలుసులే" అందావిడ. ఆ మాట అనడం ఆవిడకి అలవాటు. చుట్టుదారి మీద పుస్తకంలో ఒక్క పంక్తీ లేదు. రాయని దారి ఆవిడ దృష్టిలో దారే కాదు.

"సరేనమ్మా." ఆయన అద్దంలో చూసి, డాష్‌బోర్డులోంచి ఓ మెత్తటి గుడ్డ తీసిచ్చాడు. "చెవి వెనకాల ఏదో అంటిందండి."

వంతెన సగంలో ఇనప గొట్టాల లారీ ఒకటి ఇరుసు విరిగి అడ్డంగా కూలబడింది. వెనక్కి తిరగడానికి లేదు. ముందుకి పోవడానికి లేదు. ఆడపడుచు కళ్ళు మూసుకుని ఒళ్ళో సంచీ మీద టైపు కొడుతూనే ఉంది. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా, తర్వాత అసలు లయ లేకుండా.

"చేరతాం కదా వదినా?"

"చేరతాం."

"టైమెంతయింది?"

"నువ్వు వేళ్ళు చూసుకో."

కాలేజీ గేటు ముందు దిగేసరికి పదీ పన్నెండు. గేటుకి గొలుసు వేసుంది. లోపల వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని చెప్పు తీసి రాయి దులుపుకుంటున్నాడు. "పదింటికి మూశానమ్మా" అన్నాడు, తలెత్తకుండానే. మెట్లు అక్కడ్నుంచే కనిపిస్తున్నాయి. ఎవరూ లేరు. మెట్లు ఎవరి జుట్టూ చూడవు.

ఆడపడుచు ఏడవలేదు. గేటు చువ్వ పట్టుకున్న వేళ్ళు కదలడం మానేశాయి. అది చూడటంకన్నా ఏడుపు చూడటం నయమనిపించింది వదినకి.

ఇంటికొచ్చాక మావగారు అడిగారు, ఏం జరిగిందమ్మా అని. నిజం చెప్పడానికి నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చింది వేరు.

"హారనన్న వంతెనెక్కించాడండి."

చిన్న మాట. వినడానికి అబద్ధంలా కూడా లేదు, ఎక్కించింది ఆయనే కదా. మావగారు ఫోను తీసి హారనన్నని దులిపేశారు. బుద్ధుందా అన్నారు, ఆడపిల్ల బతుకు బుగ్గిపాలు చేశావన్నారు, మళ్ళీ మా వీధిలో నీ బండి కనిపించకూడదన్నారు. ఫోన్లో కూడా హారనన్న హారన్ కొట్టలేదు. కోడలు వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ మధ్యాహ్నం పుస్తకం తెరిచింది. బయల్దేరిన టైము గడిలో "8.20" అని రాసింది. కారణం గడిలో "డ్రైవర్" అని రాసింది. పుస్తకం ఎవరూ చూడరు, అయినా రాసింది. పన్నెండేళ్ళలో ఆవిడ రాసిన మొదటి తప్పుడు అంకె అది. చేతిరాత మాత్రం అన్నిరోజులకన్నా గుండ్రంగా కుదిరింది.

నాలుగోరోజు నోటీసు వచ్చింది. వంతెన మీద చిక్కుకుని పరీక్ష పోగొట్టుకున్నవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చు. తగినంత ముందుగా బయల్దేరినట్టు రుజువు చూపిస్తే ఇంకో రోజు పరీక్ష పెడతారు. ఆడపడుచు ఆరేళ్ళలో ఎప్పుడూ నడవనంత వేగంగా వంటింట్లోకి వచ్చింది.

"వదినా, నీ పుస్తకం ఇవ్వు. ఇంతకన్నా రుజువేం కావాలి? పన్నెండేళ్ళుగా నిమిషం తేడా లేకుండా రాసిన మనిషివి. కోర్టువాళ్ళే నేర్చుకోవాలి నీ దగ్గర."

వదిన స్టవ్ కట్టేసింది. అప్పుడైనా చెప్పాల్సింది. "డ్రైవర్ దగ్గర్నుంచి కాగితం కూడా అడిగారట" అని ఆడపడుచు చెప్పుకుపోతోంది. "నాన్న అన్ని తిట్లు తిట్టాక రాడనుకున్నాను. వెళ్ళి అడిగాను. నేనే వెళ్ళి ఆఫీసులో ఇస్తానమ్మా అన్నాడు." వదిన పుస్తకం తీసి ఇచ్చింది. కొంగుతో అట్ట తుడిచి మరీ ఇచ్చింది.

పద్నాలుగోరోజు ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచారు. గదినిండా తాళ్ళతో కట్టిన ఫైళ్ళు, కిటికీలో ఓ టేబుల్ ఫ్యాను, దాని గాలికి ఎగరకుండా ప్రతి కాగితం మీదా ఓ టీ కప్పు. అధికారి ఆడమనిషి. ఆవిడ జుట్టు మొత్తం తెల్లగా, హాయిగా ఉంది. పుస్తకం వెనకనుంచి ముందుకి, ముందునుంచి వెనక్కి తిప్పి చూసింది.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"మా వదినండి" అంది ఆడపడుచు, తనే రాసినంత గర్వంగా.

"చాలా బాగుంది. అందుకే నాకో సందేహం వచ్చింది." అధికారి ఓ టీ కప్పు ఎత్తి, దానికింద కాగితం లాగింది. "ఇందులో ఎనిమిదీ ఇరవైకి బయల్దేరారని ఉంది. డ్రైవర్ ఎనిమిదీ యాభైకి ఎక్కించుకున్నానని రాసిచ్చాడు. రెండూ నిజం కావు. రుజువులో అబద్ధముంటే అర్జీ కొట్టేయాలి, నా చేతుల్లో లేదు."

"డ్రైవర్దే తప్పండి" అంది ఆడపడుచు. "మా నాన్న తిట్టారని కోపం పెట్టుకుని ఉంటాడు. మా వదిన పుస్తకంలో అబద్ధం ఉండదండి. కావాలంటే చూడండి, తనకి జ్వరమొచ్చిన రోజు కూడా రాసుకుంది."

ఫ్యాను ఇటు తిరిగింది, అటు తిరిగింది. అధికారి వంతెన పంక్తుల కింద వేలు పెట్టుకుంటూ పోయింది.

"ఇంకోటి కూడా అర్థం కాలేదమ్మా. ఇక్కడ గంటా యాభై అయిదు రాసింది మీరే. రైలు ఎప్పుడూ గంటా ఇరవై దాటలేదని రాసింది మీరే. ఇంత తెలిసిన మనిషి, పరీక్ష రోజు వంతెనెందుకు ఎక్కారు?"

ఆ ప్రశ్న అడగగలిగిన మనిషి కోసమే పన్నెండేళ్ళుగా ఆ పుస్తకం రాసినట్టుంది. తల కొట్టేసినట్టయింది ఆవిడకి. కాళ్ళకింద గచ్చు చూసింది. గచ్చులో చీలిక ఒకటి బల్ల కిందకి పోయింది, దానివెంట పోవడానికి మనిషికి వీల్లేదు.

"ఎనిమిదీ యాభైకే బయల్దేరామండి. డ్రైవర్ రాసిందే నిజం. వంతెన వద్దని కూడా అన్నాడు. నేనే వినలేదు."

"మరి రైలు?"

"తలకి రంగేసుకున్నానండి. అది ఆరాలి కదా. అందుకని రైలు వదిలేశాను."

అధికారి నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పుస్తకాన్ని బల్లమీద ఇటువైపు తిప్పింది.

"దిద్దండి. కొట్టేసి పక్కన సరైన టైము రాయండి. సంతకం పెట్టండి. కారణం గడి కూడా."

"కారణం ఏమని రాయమంటారు?"

"జరిగింది రాయండమ్మా."

ఎనిమిదీ ఇరవై కొట్టేసి ఎనిమిదీ యాభై రాసింది. "డ్రైవర్" కొట్టేసి, "తలకి రంగు" అని రాసి, సంతకం పెట్టింది. గుమాస్తా ఆ పేజీని మూడు జిరాక్సులు తీసి, ఒక్కోదానిమీదా గుండ్రటి ముద్ర గట్టిగా గుద్దాడు.

"గేటు మూయడానికి గంట ముందు బయల్దేరితే చాలని రూలు" అంది అధికారి, ఫైలు కట్టుకుంటూ. "మీకు గంటా పది ఉంది. మొదట్నుంచీ నిజం రాసుంటే మిమ్మల్ని పిలిచేదాన్నే కాదు."

ఆడపడుచు గోడవైపు చూస్తూ మెట్లు దిగింది. వీధిలోకి వచ్చాక వదినే అంది.

"ఏదో ఒకటి అను అమ్మాయ్. తిట్టు."

"రంగు సంగతి నాకు ఆరోజే తెలుసు వదినా. వెనక సీట్లో నీ పక్కనే కూర్చున్నాను, వాసన రాదా? ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తెలుసు. అన్నయ్యకీ తెలుసు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను." నాలుగడుగులు నడిచి మళ్ళీ అంది. "అది పోనీ. పుస్తకంలో అబద్ధం రాస్తావని మాత్రం అనుకోలేదు. అంత ధైర్యంగా చెప్పాను ఆవిడతో. పాపం హారనన్న మీదకి తోసేశాను."

ఆడపడుచు ముందు నడిచింది. వదిన ఎప్పుడూ ఒకరికి దారి చూపించడమే గానీ ఒకరి వెనక నడవలేదు. ఆరోజు నడిచింది.

హారనన్న వీధి చివర కారు అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆవిడ వెళ్ళి నిలబడి, వల్లించుకున్న మాటలన్నీ మర్చిపోయి, "తప్పు నాదన్నా" అంది.

"తెలుసమ్మా."

"ఫోన్లో మావగారికి చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పనమ్మా? మీ కోడలు చెవి వెనక మచ్చుంది, చూడండి అననా?" ఆయన గుడ్డ పిండాడు. "నాకు చెప్పడం ఎందుకండి, నాకు తెలిసిందేగా. ఆ పెద్దాయనకి చెప్పండి. ఈ వీధిలో నా బండి మొహం చూసి జనం తలుపులేసుకుంటున్నారు."

ఆ పూటే చెప్పింది. మావగారు పేపరు చదువుకుంటుంటే ఎదురుగా నిలబడి, మొత్తం చెప్పింది. భర్త ఫోనులో మొహం పెట్టుకుని విననట్టు విన్నాడు. మావగారు అంతా విని, కళ్ళజోడు తీసి, కోడలి తలవంక చాలాసేపు చూశారు.

"అది రంగా? నీది పుట్టు నలుపనుకున్నానమ్మా. అందరికీ చెప్పాను కూడా."

తర్వాత ఆయన చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా వీధి చివరికి నడిచారు. తిట్టడానికి ఫోను సరిపోయింది గానీ, దీనికి సరిపోదనుకున్నట్టున్నారు. కోడలు కిటికీలోంచి చూసింది. ఎనభై ఏళ్ళ మనిషి, తను చేయని తప్పుకి, కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆవిడ కిటికీ దగ్గర్నుంచి తప్పుకుంది.

పదిరోజులకి కొత్త తేదీ వచ్చింది. మళ్ళీ అదే కాలేజీ. ఆ కబురొచ్చిన సాయంత్రం వదిన వంటింట్లోనే ఉంది. గుమ్మం దగ్గరికి ఎవరూ రాలేదు. హాల్లో ఆడపడుచు తన అన్నయ్యతో "కొత్త బ్యాటరీ తెచ్చిపెట్టు" అనడం వినిపించింది. ఆయన తెచ్చాడు. స్టూలెక్కి వేశాడు. గడియారం టిక్కుటిక్కుమంది. నాలుగు నెలల తర్వాత అది కొట్టుకోవడం మొదలెడితే, ఆ ఇంట్లో ఒక ఉద్యోగం పోయిన చప్పుడులా వినిపించింది ఆవిడకి.

పరీక్ష ముందురోజు ఆడపడుచు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"రేపు ఆరూ నలభై రైలుకి పోతున్నాను."

"ఎనిమిదీ అయిదుది సరిపోతుంది. చెడ్డ రోజు లెక్కేసినా..." అని ఆగిపోయింది.

"ఆరూ నలభై వదినా. వస్తే రా. రంగేమన్నా ఉంటే ఇప్పుడే కానిచ్చుకో."

"లేదు."

ఆరూ నలభై రైలు తన టైముకి వచ్చింది. ఎనిమిది కొట్టకముందే ఇద్దరూ కాలేజీ గేటు ముందున్నారు. గేటుకి ఇంకా గొలుసే. వాచ్‌మన్ ఇద్దర్నీ చూసి, "ఇవాళ మరీ తొందరపడ్డారే" అన్నాడు. అతనికి గుర్తుంది. గేటు పక్క సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. రెండు గంటలు, చేయడానికి ఏ పనీ లేకుండా. వదిన పాపిట పొడుగునా తెల్లటి గీత బయటపడి వేలెడు వెడల్పుంది. ఎండ నేరుగా దానిమీదే పడుతోంది. ఆవిడ కొంగు కప్పుకోలేదు.

ఆడపడుచు బల్ల అంచు మీద టైపు మొదలెట్టింది. నెమ్మదిగా, లయగా. కొంతసేపటికి ఆపకుండానే అడిగింది.

"టైమెంత వదినా?"

వదిన చేతి గడియారం చూసింది. ఒకసారి చూస్తే సరిపోదేమో అన్నట్టు రెండోసారి చూసింది. తర్వాత చేతిని ఆడపడుచు వైపు చాపి, గడియారాన్ని ఆవిడకే చూపించింది.